హిల్కాకి ఇచ్చిన డిస్కు

మా తమ్ముడు ఆర్తోకి సులువైన దారి కనిపిస్తే ఒళ్లు మండుతుంది. పక్కింటివాళ్ల కంప్యూటర్ కొన్న రోజు ఎలా వచ్చిందో అలాగే పనిచేస్తుంటే చూసి జాలిపడేవాడు. తన దాంట్లో మాత్రం కంపెనీ ఇచ్చిన ప్రోగ్రాం తీసేసి లినక్స్ పెట్టుకున్నాడు. "మన దేశం కుర్రాడు మొదలుపెట్టింది, ఊరికే ఇస్తున్నారు, పైగా లోపల ఏం జరుగుతుందో మొత్తం చూడొచ్చు" అని కనబడ్డవాళ్లందరికీ చెప్పేవాడు. లోపల ఏం జరుగుతుందో చూడాలన్న సరదా మా ఇంట్లో మరొకరికి లేదు.

కంప్యూటర్లు ఇళ్లల్లోకి కొత్తగా వస్తున్న ఆ ఏడు ఆగస్టులో, మా మంచుదేశం ఉత్తరాన ఊలు నగరంలో వాడు పనిచేసే చిన్న కంపెనీ మూతపడింది. సామానంతా అక్కడే వదిలేసి, కంప్యూటర్‌ని మాత్రం దుప్పట్లో చుట్టి కారు వెనకసీట్లో పడుకోబెట్టి, అడవి మధ్యలో ఉన్న మా ఇంటికి తెచ్చాడు. మేడమీద గదిలో పడుకున్నాడు. ఇక లేవలేదు. నేను అదే ఇంట్లో ఉంటూ ఊళ్లో స్కూలు టాక్సీ నడిపేదాన్ని. పొద్దున పిల్లల్ని ఎక్కించుకోవడానికి బయల్దేరేటప్పుడూ, మధ్యాహ్నం తిరిగొచ్చేటప్పుడూ వాడి కిటికీ తెరలు మూసే ఉండేవి.

"లేపవేం?" అనేదాన్ని అమ్మని.

"లేచి ఏం చేస్తాడు, పాపం" అనేది అమ్మ.

నెలాఖరున నాన్న ఒక్కడే ఊలు వెళ్లి పెద్ద డాక్టరుకి చూపించుకొచ్చాడు. వేసవంతా గొంతు బొంగురుగా ఉంటే జలుబనుకున్నాం. బూట్లు విప్పి, కోటు తగిలించి, వంటింట్లో తన కుర్చీలో కూర్చున్నాడు.

"ఏమన్నారు?" అంది అమ్మ.

"గొంతు తీసేస్తారట."

"తీసేస్తే?"

"తీసేస్తే ఉండదు." కప్పు ముందుకి జరిపి, "కాఫీ ఉందా?" అన్నాడు.

అమ్మ కాఫీ పోసింది. కప్పు నిండి సాసర్లోకి ఒలికింది.

మా నాన్న అహ్తి ఎప్పుడూ అంతే. మనిషి మంచివాడు, మాట దగ్గరే పిసినారి. అడవిలో మానులు కొట్టినన్నాళ్లూ ఆ మానులతో ఏమైనా మాట్లాడేవాడేమో తెలియదు, ఇంటికి మాత్రం ఏమీ మిగల్చలేదు. దుప్పుల వేట జట్టుకి పెద్ద కాబట్టి ఏటా అక్టోబరులో ఎవరెక్కడ నిలబడాలో వాకీటాకీలో చెప్పేవాడు. ఏడాదికి సరిపడా మాటలు ఆ కాసిన్ని రోజుల్లో ఖర్చయిపోయేవి. ఇంట్లో ఆయన వాటా కూడా కలిపి అమ్మే మాట్లాడేది.

ఆ సాయంత్రం అమ్మ మెట్లెక్కి ఆర్తో గది తెరలు బర్రున లాగేసింది.

"నీ పెట్టెలోకి మీ నాన్న గొంతు ఎక్కించగలవా?"

వాడు కళ్లు నులుముకున్నాడు. "ఎక్కించొచ్చు."

"అందులోంచి సీడీ చెయ్యగలవా? నేను వంటింట్లో పెట్టుకుని వినేలాగా?"

"దానికి సీడీ రాసే డ్రైవ్ కావాలి."

"కొంటాను. లే."

నేను కింద నుంచి అరిచాను. "అమ్మా, అలమారులో టేప్‌రికార్డర్ ఉంది. రెండు మీటలు నొక్కితే అయిపోయే పనికి ఇంత హంగామా ఎందుకు?"

"టేపు సాగిపోతుంది, తెగిపోతుంది" అంటూ ఆర్తో మెట్లమీదికి వచ్చాడు. చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు. "సీడీ అయితే మనందరం పోయినా ఉంటుందక్కా."

అమ్మ నావైపు ఒక చూపు చూసింది. వాడు మంచం దిగాడు, నువ్వు నోరు మూసుకో అని ఆ చూపుకి అర్థం. మూసుకున్నాను.

రికార్డింగు శనివారం పెట్టుకున్నాం. ఆర్తో కంప్యూటర్‌ని వంటింట్లోకి దించి, బల్ల మీది దీపం తీగకి మైకు వేలాడదీశాడు. నాన్న గడ్డం గీసుకుని, మంచి చొక్కా వేసుకుని వచ్చాడు, ఫొటో దిగడానికి వచ్చినట్టు.

"మాట్లాడు నాన్నా" అన్నాడు ఆర్తో.

"ఏం మాట్లాడాలి?"

"ఏదైనా."

"ఏదైనా అంటే ఏంటి?"

"ఇక్కడితో ఆపేసినా చాలు, అచ్చం ఆయనే" అన్నాను. అమ్మ నవ్వింది. డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాక అమ్మ నవ్వడం అదే మొదలు.

చివరికి నాన్న, వేటలో మనుషులు కాపు కాసే చోట్ల పేర్లు వరసగా చెప్పాడు. పెద్దరాయి. కాలిన గుడిసె. వితంతువు పొలం. రెండు చిత్తడుల నడిమి మెరక. ఏ పటంలోనూ లేని పేర్లు. బొంగురు గొంతుతో, ఒక్కో పేరు తర్వాత కాసేపాగి, అక్కడికి నడిచి వెళ్లొచ్చి ఇంకోటి చెబుతున్నట్టు చెప్పాడు. ఆఖర్న కాళ్ల దగ్గర పడుకున్న వేటకుక్కని పిలిచాడు. "రైకూ. రా ఇటు."

ఆర్తో అది తిరిగి వినిపించగానే రైకు లేచి స్పీకరు దగ్గరికి పరిగెత్తింది. దాన్ని వాసన చూసి, నాన్నని చూసి, మళ్లీ స్పీకరుని చూసి మొరగడం మొదలుపెట్టింది.

"చాల్లే, కుక్కకి మతి పోయేలా ఉంది" అన్నాడు నాన్న. తర్వాత గొంతు సవరించుకుని అమ్మవైపూ నావైపూ చూశాడు. "సౌనా వేడెక్కింది. హిల్కా, నువ్వూ విర్పీ ముందు వెళ్లండి. ఆర్తో, ఏది నొక్కాలో చూపించి నువ్వు పోయి కట్టెలు కొట్టుకో."

ఆవిరి పట్టి, ఒళ్లు ఎర్రబడి, తువ్వాళ్లు చుట్టుకుని మేమిద్దరం పెరట్లోని ఆ ఆవిరిగది మెట్టు మీద చల్లగాలికి కూర్చున్నాం. అక్కడి నుంచి వంటింటి కిటికీ కనిపిస్తుంది. నాన్న వీపు మాకేసి ఉంది. మైకు మీదికి వంగి ఉన్నాడు. భుజాలు కదులుతున్నాయి. మేము లోపలికి వెళ్లి మళ్లీ ఆవిరి పట్టి వచ్చినా ఆయన అలాగే వంగి ఉన్నాడు.

"ఇంతసేపు ఎవరితో మాట్లాడుతున్నాడే?" అంది అమ్మ.

"ఇంకెవరితో? నీతోనే."

"నాతోనా?" అమ్మ తువ్వాలు అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇన్నేళ్లు ఎదురుగా కూర్చున్నానే. నా ముఖంలో ఏముందో, మైకులో లేనిది."

ఇంట్లోకి వచ్చేసరికి నాన్న కోటు వేసుకుని నిలబడి ఉన్నాడు. "మొదటిది అందరికీ. రెండోది హిల్కాకి" అన్నాడు ఆర్తోతో. "నువ్వు వినకు. డిస్కులోకి ఎక్కించాక పెట్టెలోంచి తుడిచెయ్యి. అడ్డమైనవాళ్లూ నొక్కి వింటారు."

"సరే నాన్నా."

"ఏం చెప్పావయ్యా?" అంది అమ్మ.

"అందులో ఉంది" అని నాన్న సౌనాకి వెళ్లిపోయాడు.

డ్రైవ్ కొనుక్కొచ్చాక అసలు తంతు మొదలైంది. మామూలు కంప్యూటర్‌లో తగిలిస్తే పనిచేసే వస్తువు, ఆర్తో దాంట్లో తగిలిస్తే చదువుతుంది గానీ రాయనంటుంది.

"దీన్ని వేరే జాతి డ్రైవ్ అని లినక్స్‌ని నమ్మించాలమ్మా" అన్నాడు వాడు. "అప్పుడు రాస్తుంది."

"అంటే అబద్ధం చెప్పాలా?"

"అలాంటిదే."

"అబద్ధం ఆడక్కర్లేని కంప్యూటర్ దొరకదా?"

ఆ అబద్ధం కుదరడానికి వాడి తల ప్రాణం తోకకి వచ్చింది. ఒక పొద్దున మెషీన్ ఆన్ చేస్తే నల్లటి తెర మీద రెండు అక్షరాలు పడి అక్కడే ఆగిపోయింది. నాన్న కాఫీ కప్పుతో అటుగా వెళుతూ ఆగి, "ఎల్, ఐ" అని బొంగురుగా చదివి వెళ్లిపోయాడు. మధ్యాహ్నమూ అంతే. మర్నాడూ అంతే. తెర దగ్గర ఆగడం, "ఎల్, ఐ" అనడం, వెళ్లిపోవడం. ఆర్తో ఒళ్లు మండి కుర్చీని తన్నాడు, నాన్న మూతి చివర్న నవ్వాడు. ఆ రెండక్షరాలైనా ఆ పాత టేపులో పట్టి ఉంచాల్సింది అని ఇప్పుడు అనిపిస్తుంది.

తర్వాత ఒకరోజు వాడి కేకకి అందరం పరిగెత్తాం. తెర మీద పెద్ద జాబితాలో ఒక్క వరసలో డ్రైవ్ పేరు పడింది.

"ఇదేనా?" అన్నాడు నాన్న.

"ఇదే నాన్నా!"

"బాగుంది." నాన్న లెక్కలో అది పెద్ద ఉపన్యాసం.

రాయడం ఇంకో గండం. డిస్కు తిరుగుతున్నంతసేపూ కంప్యూటర్ క్షణం కూడా తడబడకూడదట, తడబడితే ఆ డిస్కు పనికిరాదట. వాడు రాయడం మొదలుపెడితే ఇంట్లో ఎవరూ గట్టిగా అడుగు వెయ్యకూడదు. నీళ్ల పంపు తిరిగితే దీపాలు మసకబారతాయి కాబట్టి కుళాయి తిప్పకూడదు. చేతినిండా చేపపొలుసుతో అమ్మ సింకు ముందు అలాగే నిలబడిపోయేది. అయినా డిస్కు మీద డిస్కు పాడైంది. అమ్మ వాటికి ఎర్ర ఉన్నిదారం కట్టి పెరట్లో పుల్లపండ్ల పొదలకి వేలాడదీసింది. ఎండకి తళతళలాడుతుంటే ఒక్క పిట్ట వాలలేదు. పిట్టల మీద లినక్స్ బాగా పనిచేస్తోందని నేను భోజనాల దగ్గర అంటే ఆర్తో కూడా నవ్వాడు.

నవ్వాడు అని ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజుల్లో వాడు పొద్దున్నే లేచేవాడు. గడ్డం గీసుకునేవాడు. రెండోసారి బంగాళాదుంపలు వడ్డించుకునేవాడు. అమ్మ డిస్కు కోసం ఎంత ఎదురుచూసిందో, వాడి కంచం వైపు కూడా అంతే ఆశగా చూసేది. నాకూ సంతోషంగానే ఉండేది, పైకి ఒప్పుకోలేదు గానీ.

ఆసుపత్రి రోజు దగ్గరపడింది, డిస్కులు అయిపోవచ్చాయి. అప్పుడు వాడు రిహార్సల్ పద్ధతి పెట్టాడు. లేజరు వెలిగించకుండా రాసినట్టు నటించడం. డిస్కు తిరుగుతుంది, తెర మీద అంకెలు నడుస్తాయి, పూర్తయిందని కూడా చెబుతుంది, డిస్కు మాత్రం కొత్తది కొత్తదిలాగే ఉంటుంది. "పెళ్లికి ముందురోజు చర్చిలో నడిచి చూసుకుంటారు చూడు, అలాగ" అని అమ్మకి చెప్పాడు. పొరపాటున అసలుది మొదలుపెట్టేస్తానేమో అని, ప్రతిసారీ రిహార్సలే జరిగేలా సెట్టింగుల్లో ఒక మాట రాసి పెట్టుకున్నాడు. తడబాటు ఎక్కడొస్తుందో చూసుకుంటూ, అది సరిచేసుకుంటూ పోయాడు. డిస్కులు పొదలకెక్కడం ఆగింది.

నాన్న ఆసుపత్రికి వెళ్లే ముందు ఆదివారం అందరం వంటింట్లో చేరాం. ఎవరూ కుళాయి తిప్పలేదు. రైకుని కూడా బయట కట్టేశాం. అంకెలు ఆగకుండా నడిచాయి. పూర్తయిందని వచ్చింది. డిస్కు చల్లగా బయటికి జారింది.

"అయింది!" ఆర్తో లేచి అమ్మని ఎత్తి తిప్పాడు. "ఎక్కడా తడబడలేదు!"

నాన్న చెయ్యి చాపి డిస్కు తీసుకున్నాడు. మందపాటి నల్ల పెన్నుతో, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, దాని మీద రాశాడు. హిల్కాకి.

"మొదటిది ఒక్కటి పెట్టి చూద్దాం" అన్నాడు ఆర్తో.

"వద్దు" అంది అమ్మ. "ఎదురుగా మనిషి కాళ్లు చాపుకుని కూర్చుంటే పెట్టెలోంచి ఆయన గొంతు వినడమేంట్రా? పోయినవాళ్లకి చేసినట్టు. ఇంటికి రానీ. పక్కన కూర్చోబెట్టుకుని వింటాను."

వాడు పట్టుపట్టలేదు. నేనూ పట్టుపట్టలేదు. నాన్న వాడి కుర్చీ వెనక నిలబడ్డాడు.

"తుడిచెయ్యి."

ఆర్తో ఒక్క వరస కొట్టి మీట నొక్కాడు.

"పోయిందా?"

"పోయింది. మిగతావాటిలా ఇందులో చెత్తబుట్ట ఉండదు నాన్నా. పోయిందంటే పోయినట్టే." ఆ మాట అనేటప్పుడు వాడి ముఖంలో కాస్త గర్వం కూడా ఉంది.

నాన్న వాడి భుజం మీద చెయ్యి వేశాడు. అమ్మ డిస్కుని ఉతికిన దుప్పట్ల మధ్య దాచింది.

ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. మెడ కింద చిన్న రంధ్రం, అందులోంచి ఊపిరి. ఆయన మాకు చెయ్యి ఊపినప్పుడు నేను నవ్వాను, తర్వాత ఆసుపత్రి బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను. మేమక్కడ ఉండగానే వేట మొదలైంది. నాన్న ఇంటికొచ్చేసరికి ఇంకా నడుస్తోంది. కిటికీ గట్టు మీది వాకీటాకీలో ఎవరో కొత్త గొంతు, పెద్దరాయి దగ్గర నిలబడాల్సిన మనిషిని ఎక్కడికో పంపుతోంది. నాన్న లేచి నోరు తెరిచాడు. గాలి వచ్చింది. అమ్మ వెళ్లి వాకీటాకీ ఆపేసింది.

రైకుని కూడా అలాగే పిలవబోయాడు. అది ఆ గాలి చప్పుడుకి చెవులు వెనక్కి పెట్టుకుని అమ్మ వెనక్కి చేరింది. అప్పట్నుంచి తొడ మీద తట్టి పిలవడం నేర్చుకున్నాడు. అది వచ్చేది, కానీ పరిగెత్తి వచ్చేది కాదు.

ఆర్తో ఈలోగా కంప్యూటర్‌లో ఇంకో ప్రోగ్రాం ఎక్కించాడు. టైప్ చేస్తే చదివి వినిపిస్తుంది. దానికి చోటు కోసం లోపలంతా ఊడ్చి, మళ్లీ మొదటినుంచీ అన్నీ పెట్టాడు. జలుబు చేసిన రైల్వేస్టేషన్ అనౌన్సర్‌లా ఉండేది ఆ గొంతు. నాన్న ఒక్కవేలితో వెతికి వెతికి కొట్టేవాడు. "ఉప్పు" అనేది అది. "కట్టెలు లేవు" అనేది. పూర్వం నాన్న అన్నన్ని మాటలే అంది, నిజానికి. అయినా అది మాట్లాడినప్పుడల్లా అమ్మ ఉలిక్కిపడేది.

నవంబరులో మా దేశపు తండ్రుల రోజు వచ్చింది. ఆనవాయితీ ప్రకారం పొద్దున్నే నేను పెరట్లో జెండా ఎగరేశాను. ముందురోజు పడిన మంచు కరగలేదు. ఆర్తో కేకు చేశాడు, ఒక పక్క కుంగింది. అమ్మ చర్చికి వేసుకునే జాకెట్టు వేసుకుని, దుప్పట్ల మధ్య నుంచి డిస్కు తీసుకొచ్చింది. మొదటిది అందరం వింటాం, రెండోదానికి నేనూ ఆర్తో బయటికి వెళ్లిపోతాం అని ముందే అనుకున్నాం. అమ్మ నాన్న పక్కన కుర్చీ వేసుకుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది.

ప్లేయరు డిస్కుని తిప్పింది. ఆగింది. డిస్కు లేదు అని చూపించింది.

అమ్మ దాన్ని తీసి, జాకెట్టు అంచుతో తుడిచి మళ్లీ పెట్టింది. డిస్కు లేదు.

"ఆ ప్లేయరు పాతదమ్మా, ఇలా తే" అన్నాడు ఆర్తో. కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. నేను వాడి వెనక నిలబడ్డాను. ఏవో వరసలు కొట్టాడు. ఇంకేవో కొట్టాడు. తర్వాత ఒక ఫైలు తెరిచాడు, పాత సెట్టింగులు వేరుగా దాచుకున్నది. అందులో ఒక చిన్న మాట మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయాడు.

"ఏంటది?" అన్నాను.

"రిహార్సల్."

ఆ ఆదివారం జరిగిందంతా రిహార్సలే. ఆ మాట తియ్యడం వాడు మర్చిపోయాడు. అంకెలు నడిచాయి, పూర్తయిందంది, డిస్కు చల్లగా బయటికి వచ్చింది. నిజంగా రాస్తే అది వెచ్చగా రావాలని మాకెవరికీ తోచలేదు.

"ఏమైందిరా?" అంది అమ్మ.

"లేజరు వెలగలేదమ్మా."

"అంటే?"

వాడు డిస్కుని బయటికి తీసి వెలుతురుకి పట్టుకున్నాడు. ఒక్క గీత లేదు. "డిస్కు పాడవలేదు. బాగానే ఉంది. దీని మీద ఇంకా రాయొచ్చు."

"ఏం రాస్తావురా?" అంది అమ్మ.

కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. నాన్న మెడ దగ్గర ఊపిరి ఈలలా వినిపిస్తోంది. ఆయనకి అర్థమైంది. లేచి వచ్చి ఆర్తో భుజం తట్టి, కుర్చీ ఖాళీ చెయ్యమని సైగ చేశాడు. కూర్చున్నాడు. అమ్మ వచ్చి ఆ కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. నాన్న ఒక్కో అక్షరం వెతికి కొట్టాడు.

"చెప్పాను కదా" అంది మెషీను.

"నాకెక్కడ చెప్పావయ్యా?" అంది అమ్మ. "ఈ డబ్బాకి చెప్పావు."

నాన్న మళ్లీ వేలు పెట్టాడు. నేనూ ఆర్తో బయటికి వెళ్లాలన్న సంగతి కూడా మర్చిపోయి నిలబడ్డాం. ఆయన కొన్ని అక్షరాలు కొట్టాడు. తుడిచేశాడు. మళ్లీ కొట్టాడు, ఈసారి ఎక్కువే. అమ్మ చదవడానికి వంగేలోపు అవి కూడా ఒకదాని వెనక ఒకటి వెనక్కి వెళ్లిపోయాయి. తలుపులు మూసి, అందర్నీ పంపించేసి, ముఖం లేని మైకుకి ఒక్కసారి చెప్పగలిగిన మనిషి. అది ఇంకోసారి జరగదని నాకు ఆయన వీపు చూస్తేనే తెలిసిపోయింది. అమ్మకీ తెలిసిపోయింది. కుర్చీ మీంచి చేతులు తీసేసింది.

"చీకటి పడుతోంది. జెండా దించాలి" అంది మెషీను.

నాన్న కోటు వేసుకుని బయటికి వెళ్లాడు. రైకు తలుపు దాకా వెళ్లి, ఆగి, వెనక్కి వచ్చి బల్ల కింద పడుకుంది. ఆర్తో మెట్లెక్కి పైకి పోయాడు. కాసేపటికి పైన తెరలు లాగిన చప్పుడైంది. ఆ చలికాలమంతా అవి తెరుచుకోలేదు.

నేను కేకు ముక్కల మీద గిన్నె బోర్లించాను. అమ్మ కంప్యూటర్ పక్కన పడి ఉన్న డిస్కుని తీసుకుని, మళ్లీ దుప్పట్ల అలమారు దగ్గరికి వెళ్లింది.

"అదెందుకమ్మా?" అన్నాను. "అందులో ఏమీ లేదుగా. పొదకి కట్టెయ్యి."

అమ్మ దాన్ని తిప్పి, నల్లటి అక్షరాలు పైకి వచ్చేలా దుప్పట్ల మధ్య పెట్టింది.

"నా పేరు ఉంది" అంది.